తెలుగు జిల్లాల పాఠశాలా ప్రణాళికలో ప్రజల పాలు

ఒక జిల్లాలో బడులెన్ని యుండవలెను, అవి యేయే గ్రామములలో నుండవలెను, వాని వ్యయము నెవరు భరింపవలెను, వానిలో నెవరెవరు చదువుకొనవలెను అను నాలుగు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే పాఠశాలా ప్రణాళిక. ఈ సమాధానము చెప్పుటలో ప్రజలకు పాలు కలదని నేటి చట్టములు ఘోషించుచున్నవి. 2009 నాటి విద్యాహక్కు చట్టము పాఠశాలా యాజమాన్య సంఘమున నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో యుండవలెననియు, పాఠశాలాభివృద్ధి ప్రణాళికను ఆ సంఘమే సిద్ధపరుపవలెననియు విధించినది. ఇది క్రొత్తగా పుట్టిన భావమని పలువురు తలంతురు. కాని తెలుగు జిల్లాలలో దీనికి రెండు వందల యేండ్ల పూర్వచరిత్ర కలదు. ఆ చరిత్రలో ప్రజలు మొదట లెక్కింపబడిరి. పిమ్మట పన్ను చెల్లించిరి. అటుపిమ్మట సభలలో కూర్చుండిరి. ఈ మూడు దశలను పరిశీలించి, ప్రజల మాటకు నిజమైన విలువ యెప్పుడు కలిగెనో నిర్ణయింప యత్నించుటయే మా యుద్దేశము.

మొదటి దశ 1822తో నారంభమైనది. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో ఆ సంవత్సరము జూన్ 25వ తేదీన వ్రాసిన మినిట్‌లో, ప్రతి జిల్లాయందలి బడుల సంఖ్యను, విద్యార్థుల సంఖ్యను కలెక్టర్ల మూలమున సేకరింపవలెనని తలపెట్టెను. జవాబులన్నియు చేరిన పిదప 1826 మార్చి 10వ తేదీ మినిట్‌లో వానిని క్రోడీకరించి, చెన్నరాజధానియందు 1,28,50,941 మంది జనులకు 12,498 బడులును, 1,88,650 మంది విద్యార్థులును గలరని తేల్చెను. అనగా రమారమి వేయిమందికొక బడి. వీనిలో నధికభాగము సర్కారు స్థాపించినవి కావు. గ్రామస్థులు అయ్యవారికి జీతము లిచ్చి వీధి యరుగులపై నడపించుకొన్నవి. ధర్మపాల్ 1983లో ఈ నివేదికలను గ్రంథరూపమున ప్రకటించుటచే నవి నేటి పరిశోధకులకు సులభముగా లభించుచున్నవి.

ఆ నివేదికలలో బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ 1823 ఆగస్టు 17వ తేదీన పంపినది మనకు మిక్కిలి ముఖ్యమైనది. ఆయన 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించినవాడు. నేటి అనంతపురము ప్రాంతము నాడు బళ్ళారి జిల్లాలోనిదే. 9,27,857 మంది జనులు గల యా జిల్లాలో 533 బడులును, 6,641 మంది విద్యార్థులును మాత్రమే యుండిరి. పిల్లలు ఇసుకలో నక్షరములు దిద్దుట, పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పుట, అర్థ మెరుగకయే పద్యములు వల్లించుట అందు వర్ణితములు. దేశము క్రమముగా దరిద్రమగుటయే బడుల క్షీణతకు కారణమనియు, సీమబట్టల వలన నేతపని దెబ్బతినెననియు ఆయన నిర్మొగమాటముగా వ్రాసెను. ఆ 6,641 మందిలో బాలికలు 60 మంది. ఈ సంఖ్యను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని మా ప్రార్థన. వ్యాసాంతమున దీనితో మరల పని కలదు.

ఇంత శ్రద్ధతో జరిగిన విచారణకు ఫలముగా వెలువడిన పథకమెట్టిది? ప్రతి కలెక్టరేటునకు హిందువుల కొకటి, మహమ్మదీయుల కొకటి చొప్పున రెండు పెద్ద బడులు. ప్రతి తహసీలునకు నొక్కొక్క బడి. పెద్ద బడి యుపాధ్యాయునకు నెలకు 15 రూపాయలు, తహసీలు బడి యుపాధ్యాయునకు 9 రూపాయలు జీతము. పథకమున గ్రామస్థులకు నిర్ణయాధికార మేదియు లేదు. శిస్తు వసూలునకు గీచిన గీతలే చదువునకును హద్దులయ్యెను. మన్రో 1827 జూలైలో పత్తికొండయందు విషూచిచే మరణించెను. తలపెట్టిన 300 తహసీలు బడులు పూర్తిగా నేర్పడకయే 1836లో ప్రభుత్వ మా పథకమును విడిచిపెట్టెను. పండ్రెండువేల బడులను పోషించినది ప్రజలు. మూడు వందల బడులను నిలుపలేకపోయినది సర్కారు. అయినను లెక్కింపబడినవారే కాని సలహా నడుగబడినవారు కారు ప్రజలు.

రెండవ దశకు రంగస్థలము గోదావరి డెల్టా. 1850 తరువాతి తొలి యేండ్లలో రాజమండ్రి సబ్‌కలెక్టరు జి. ఎన్. టెయిలర్ నరసాపురమున నొక బడిని నెలకొల్పెను. దానిని చూచి చుట్టుపట్ల గ్రామముల రైతులు తమకును బడులు కావలెనని కోరిరి. వాని వ్యయమునకై శిస్తుతోబాటు కొంత సొమ్ము చెల్లించుటకు నంగీకరించిరి. ఇవియే విద్యాచరిత్రలో గోదావరి 'రేటు బడులు' అని ప్రసిద్ధి గాంచినవి. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది. బళ్ళారిలో దారిద్ర్యము బడులను మూయించినదని కాంబెల్ వ్రాసెను గదా. డెల్టాలో క్రొత్తగా పారిన నీరు బడులను తెరిపించుటకు తోడ్పడినదని చెప్పిన తప్పుకాదని మాకు తోచుచున్నది.

ఇచట ప్రజల పాత్ర మారినది. ఊరికి బడి కావలెనా యను ప్రశ్నకు సమాధానము ఊరినుండియే వచ్చినది. కాని స్వచ్ఛందమైన చందా శిస్తుతో గలిసి వసూలగునప్పుడు అది చందాయో పన్నో చెప్పుట కష్టము. ఇష్టము లేని రైతు శిస్తు నుండి దానిని వేరుచేసి మానుకొనగలడా? ఈ వసూలునకు చట్టబద్ధమైన యాధారము కల్పించుటకై 1863లో మద్రాసు విద్యాచట్టము వచ్చెను. అది గోదావరి జిల్లాకు వెలుపల నంతగా వేళ్ళూనలేదు. 1871 నాటి స్థానిక నిధుల చట్టముతో కలెక్టరధ్యక్షుడుగా గల బోర్డుల హయాము ప్రారంభమైనది. ఊరు కోరి తెచ్చుకొన్న బడి క్రమముగా బోర్డు బడి యయ్యెను. సొమ్ము క్రిందినుండి పైకి పోయెను. దానితో నిర్ణయమును పైకే పోయెను.

మూడవ దశ 1884 నాటి స్థానిక బోర్డుల చట్టముతో మొదలై, 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యాచట్టముతో స్పష్టరూపము దాల్చినది. ఈ చట్టము జిల్లాకొక విద్యామండలి నేర్పరచినది. అందు ఎన్నికైన సభ్యులును, నియమితులైన సభ్యులును గలరు. జిల్లాలో ప్రాథమిక విద్యావ్యాప్తికి పథకములు సిద్ధపరచుట, బడులకు గుర్తింపు నిచ్చుట, సహాయద్రవ్యమును పంచుట దాని పనులు. స్థానిక సంస్థలు విద్యాపన్ను విధించినచో ప్రభుత్వము తన వంతు కలుపును. జిల్లా యంతటికిని బడుల భవిష్యత్తును నిర్ణయించుటకై చట్టముచే నేర్పడిన ప్రజాప్రాతినిధ్యము గల సభ యిదియే. అయినను 1939లో ఈ మండలులు రద్దయ్యెను. ఇరువది యేండ్లైనను నిండని యా ప్రయోగము మన పరిశోధకుల దృష్టి నింకను తగినంతగా నాకర్షింపలేదు.

ఇంతవరకు చెప్పినది మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల కథ. నిజాము రాష్ట్రమున నట్టి సభలకు తావులేదు. ఉన్నతవిద్య ఉర్దూలో నడచెను. అందుచే నచటి ప్రజలు వేరొక త్రోవ త్రొక్కిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1928లో మాడపాటి హనుమంతరావు ప్రభృతులు నారాయణగూడలో తెలుగున బోధించు బాలికల పాఠశాలను స్థాపించిరి. ఉన్నత తరగతులకు స్థానికముగా గుర్తింపు లభింపక, పూనాలో కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయము నాశ్రయింపవలసి వచ్చెను. ప్రణాళికలో పాలు లేని ప్రజలు ప్రణాళికకు వెలుపల తమ బడిని తామే కట్టుకొందురనుటకు ఇది నిదర్శనము.

రాష్ట్రావతరణానంతరము, 1959లో పంచాయతీ సమితులకు ప్రాథమిక పాఠశాలలును, జిల్లాపరిషత్తులకు ఉన్నత పాఠశాలలును అప్పగింపబడెను. 1998లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పాఠశాల విద్యలో ప్రజాభాగస్వామ్యమును గూర్చి చట్టము చేసి, బడి మొదలు జిల్లా వరకు సంఘముల నేర్పరచెను. 2009 నాటి కేంద్ర చట్టమును గూర్చి మొదటనే చెప్పితిమి. ఆ చట్టమున మరియొక నియమము కలదు: యాజమాన్య సంఘమున సగము మంది స్త్రీలై యుండవలెను.

ఇప్పుడు కాంబెల్ లెక్కలోని 60 మంది బాలికల కడకు మరల పోవుదము. ప్రజలే పోషించిన యా 533 బడులలో ఆడుపిల్లలు నూటికొకరైనను లేరు. గోదావరిలో చందాకు మూలము భూమి శిస్తు. భూమి లేనివాడు చందాదారుడు కాడు, కావున చందాతో వచ్చిన మాటయు వానికి లేదు. 'ప్రజల బడి' యన్నప్పుడు 'ఏ ప్రజల?' యని యడుగక తప్పదు. సర్కారు ప్రజల నడుగకుండుట యొక లోపము. ప్రజలలో కొందరే యందరి పక్షమున మాటాడుట రెండవ లోపము. మన చరిత్రలో మొదటి లోపమును గూర్చి విశేషముగా వ్రాసిరి. రెండవదానిని గూర్చి వ్రాసినది స్వల్పము.

లెక్కింపబడుట, చెల్లించుట, సభలో కూర్చుండుట అను మూడును అవసరములే; కాని యేదియు చాలదు. ఊరిలో బడి యెక్కడ నుండవలెనో, దానిని విలీనము చేయవలెనో నిలుపవలెనో నిర్ణయించునప్పుడు, ఆ బడిలో చదువు బిడ్డ తల్లి మాట కాగితముపై కెక్కి, దాని వలన నిర్ణయము మారగలిగిన నాడే ప్రజల పాలు నిజమైనదగును. జిల్లా విద్యామండలుల దస్తరములను, రేటు బడుల లెక్కలను ఈ దృష్టితో మరల శోధింపుడని మన విద్యార్థులను కోరుచున్నాము.