కువైట్‌లో ఇంటి పనికి వెళ్తున్నారా? అరకు, పాడేరు వాళ్లు విమానం ఎక్కకముందే తెలుసుకోవాల్సిన రూల్స్ ఇవే..

కువైట్‌లో ఇంటి పని.. నెలనెలా దినార్లలో జీతం.. తిండి, బస ఫ్రీ! కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల్లో దశాబ్దాలుగా వినిపిస్తున్న మాట ఇది. ఆ జిల్లాలతో పోలిస్తే అరకు లోయ, పాడేరు, చింతపల్లి కొండల నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లు తక్కువే. కానీ కాఫీ పండ్ల కోత అయిపోగానే కూలి కోసం కొండ దిగే కుటుంబాలకు ఇలాంటి మాట ఆశ పుట్టిస్తుంది. ఇక్కడే ఓ చిక్కుంది. కువైట్ కాంట్రాక్ట్ అరబిక్, ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లకు తెలుగే రెండో భాష. చదవలేని కాగితం మీద వేలిముద్ర వేసే ముందు అందులో ఏం ఉండాలో తెలిసి ఉండటం అవసరం.

చట్టం ఏం చెబుతోంది?

కువైట్ 2010లో తెచ్చిన ప్రైవేట్ రంగ కార్మిక చట్టంలో ఇంటి పనివాళ్లకు చోటు లేదు. కంపెనీలో పనిచేసేవాళ్లకు హక్కులున్నా.. వంటమనిషికి, పిల్లల ఆయాకు, ఇంటి డ్రైవర్‌కు మాత్రం యజమాని మాటే చట్టం. ఐదేళ్ల తర్వాత వీళ్ల కోసమే ప్రత్యేకంగా 2015లో 68వ నంబర్ చట్టం వచ్చింది. దాని ప్రకారం రోజుకు పని 12 గంటలు దాటకూడదు. మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. వారానికి ఒక రోజు జీతంతో కూడిన సెలవు, ఏడాదికి 30 రోజుల సెలవు ఉంటుంది. తిండి, బట్టలు, బస, వైద్యం ఖర్చు యజమానిదే. ఒప్పందం ముగిసి వచ్చేసేటప్పుడు పనిచేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం లెక్కన ఇవ్వాలి.

జీతం ఆలస్యమైతే? ఆలస్యమైన ప్రతి నెలకూ 10 దినార్లు అదనంగా చెల్లించాలని చట్టంలోనే ఉంది. కనీస వేతనాన్ని 2016లో 60 దినార్లుగా నిర్ణయించారు. మన లెక్కలో 16 వేల రూపాయల పైమాటే. ఏజెంట్లు చెప్పే అంకెలు దీనికి చాలా ఎక్కువగా ఉంటాయి. అందుకే నోటి మాట కాదు.. కాంట్రాక్ట్‌లో రాసిన అంకె ఎంతో చూసుకోవాలి. గొడవ వచ్చినప్పుడు లెక్కలోకి వచ్చేది అదే.

పాస్‌పోర్ట్ ఎవరి దగ్గర ఉండాలి?

వర్కర్ దగ్గరే. ఆమె ఒప్పుకోకుండా పాస్‌పోర్ట్ గానీ, సివిల్ ఐడీ (మనవాళ్లు బతాకా అంటారు) గానీ యజమాని తీసుకోకూడదని చట్టం చెబుతోంది. 'ఒప్పుకోకుండా' అన్న ఆ ఒక్క మాటే దీంట్లో బలహీనత. నాలుగు గోడల మధ్య, భాష రాని మనిషి కాదనగలదా? నిజం చెప్పాలంటే కువైట్ చట్టం కాగితం మీద బాగానే ఉంది. ఇంటి తలుపు దాటాక దాన్ని అమలు చేయించడమే కష్టం. అందుకే పాస్‌పోర్ట్, వీసా, కాంట్రాక్ట్ ఫొటోలు ఫోన్‌లో మాత్రమే కాకుండా ఊళ్లో ఒకరి దగ్గర కూడా ఉంచాలి. ఫోన్ లాక్కున్నా ఆ కాపీలు పనికొస్తాయి.

ఖాదిం వీసా, షూన్ వీసా.. తేడా ఏంటి?

కువైట్ తెలుగువాళ్ల నోట ఎక్కువగా వినపడే మాటలివి. ఖాదిం అంటే ఇంటి పని వీసా, 20వ ఆర్టికల్ కింద ఇస్తారు. షూన్ అంటే కంపెనీ వీసా, 18వ ఆర్టికల్. ఖాదిం వీసాతో వెళ్లి బయట షాపులోనో, హోటల్లోనో పనిచేస్తే అది నేరం. 'ఆజాద్ వీసా.. వెళ్లాక నచ్చిన పని చేసుకోవచ్చు' అని ఎవరైనా అమ్మితే నమ్మొద్దు. అలాంటి వీసా చట్టంలోనే లేదు. ఖాదిం నుంచి షూన్‌కు మారే అవకాశం కూడా ఎప్పుడూ ఉండదు. 2024 జూలై 14 నుంచి సెప్టెంబర్ 12 వరకు రెండు నెలలు ఇచ్చారు. దానికీ యజమాని అంగీకారం కావాల్సి వచ్చింది.

యజమానితో పడక ఇల్లు వదిలి వెళ్లిపోతే అతను 'పారిపోయింది' అని కేసు పెట్టొచ్చు. అప్పుడు అకామా పోతుంది. ఎక్కడ దొరికితే అక్కడ అరెస్టు. అలా చిక్కుకున్నవాళ్ల కోసం కువైట్ అప్పుడప్పుడు క్షమాభిక్ష ప్రకటిస్తుంది. 2018లో ఒకసారి, 2024 మార్చి నుంచి జూన్ నెలాఖరు వరకు మరోసారి ప్రకటించింది. దాన్ని నమ్ముకుని కూర్చోలేం. బయటికి రావాల్సి వస్తే నేరుగా భారత రాయబార కార్యాలయానికి వెళ్లాలి. కష్టాల్లో ఉన్న మహిళలకు అక్కడ ఆశ్రయం ఉంది. లేదంటే మ్యాన్‌పవర్ అథారిటీలోని ఇంటి కార్మికుల విభాగంలో ఫిర్యాదు చేయాలి. అక్కడ తేలకపోతే కేసు కోర్టుకు వెళ్తుంది. వర్కర్ కోర్టు ఫీజు కట్టక్కర్లేదు.

మన దేశంలో రూల్ ఏంటి?

పదో తరగతి పాస్ కానివాళ్లకు ఈసీఆర్ పాస్‌పోర్ట్ వస్తుంది. కువైట్‌తో కలిపి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే వీళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. ఈసీఆర్ మహిళలైతే 30 ఏళ్లు నిండాలి. 2016 నుంచి వీళ్లను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్న నిబంధన ఉంది. ఏపీలో అలాంటి సంస్థ ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్. కొండ ప్రాంతంలో చదువు మధ్యలో ఆపేసిన ఆడపిల్లలు ఎక్కువ కాబట్టి ఇక్కడివాళ్లకు ముందుగా వర్తించేది ఈ రూలే.

మోసం కూడా ఇక్కడే మొదలవుతుంది. 30 ఏళ్లు నిండని మహిళకు విజిట్ వీసా తీసి ముందు దుబాయ్‌కో, మస్కట్‌కో పంపుతారు. అక్కడి నుంచి వేరే దేశం దాటిస్తారు. ఆమె పేరు ఈ-మైగ్రేట్ రికార్డులో ఉండదు. కాంట్రాక్ట్ ఉండదు, బీమా ఉండదు. ఎక్కడుందో కనుక్కోవడానికే నెలలు పడుతుంది. విజిట్ వీసా మీద పనికి పంపుతామంటే అక్కడితో మాట ఆపేయాలి.

రిజిస్టర్డ్ ఏజెంట్ అయినా సర్వీస్ చార్జీ 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. లైసెన్స్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. క్లియరెన్స్‌తో వెళ్లేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, పన్ను అదనం. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల కవరేజీ ఉంటుంది. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికుల భవనంలో మంటలు చెలరేగి కనీసం 45 మంది భారతీయులు చనిపోయారు. వాళ్లలో ముగ్గురు ఏపీవాళ్లు, ఒకరిది శ్రీకాకుళం జిల్లా.

కష్టం వస్తే సెల్ఫీ వీడియో ఒక్కటే దారి అనుకోవద్దు. వీడియో వైరల్ అయ్యి ఇంటికి చేరినవాళ్లు ఉన్నారు, కానీ ప్రతి వీడియో వైరల్ కాదు. కుటుంబసభ్యులు ఊరి నుంచే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబర్ 1800 11 3090. ఫోన్ చేసేటప్పుడు పాస్‌పోర్ట్ నంబర్, యజమాని పేరు, చివరిసారి మాట్లాడిన తేదీ దగ్గర పెట్టుకోవాలి.