ఊపిరితిత్తుల్లో మొలిచిన పరాయి విత్తనం

"జన్మలో సిగరెట్టు ముట్టని మనిషికి ఊపిరితిత్తుల్లో క్యాన్సరేంటండీ?" మన ఇళ్ళల్లో తరచూ వినపడే ప్రశ్న. పొగ తాగనివాళ్ళకీ అది వస్తుంది, ఆ సంగతి వేరు. కానీ కొన్నిసార్లు అది అక్కడ పుట్టిందే కాదు, ఇంకెక్కడో పుట్టి అక్కడికి చేరింది. రొమ్ములో పుట్టి ఊపిరితిత్తులకి పాకినా దాన్ని రొమ్ము క్యాన్సరనే అంటారు, వాడే మందులూ దానివే.

మరి ఊపిరితిత్తులకే ఎందుకు? సులువైన జవాబు: ప్లంబింగ్! పేగుల నుంచి వచ్చే రక్తం ముందు కాలేయానికి పోతుంది. మిగతా ఒంట్లో రక్తమంతా గుండె కుడివైపుకి చేరి, ఊపిరితిత్తుల సన్నటి నాళాల్లోంచి దూరాల్సిందే. జల్లెడలో చిక్కుకున్నట్టు కణాలు అక్కడ చిక్కుకుంటాయి. అమెరికాలో జేమ్స్ యూయింగ్ 1928లో దాదాపు ఇదే అన్నాడు. నాలాంటి ఇంజనీర్లకి ఇట్టే నచ్చేసే థియరీ.

కానీ దీనికి లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్ 1889లోనే అడ్డు ప్రశ్న వేసి ఉంచాడు. రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది రికార్డులు ముందేసుకుని లెక్కపెట్టాడు. కాలేయంలో గడ్డలు 241 మందికి, ప్లీహంలో 17 మందికే! ప్లీహానికీ రక్తం బోలెడు వెళ్తుంది కదా? రక్తం విత్తనాల్ని అన్ని వైపులా చల్లుతుంది, మొలిచేది మాత్రం అనువైన నేలలోనే అని ఆయన వాదన. వ్యవసాయం ఎరిగిన మనవాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు.

తేల్చడానికి దాదాపు శతాబ్దం పట్టింది. 1980లో ఇయాన్ హార్ట్, ఐజయా ఫిడ్లర్ ఎలుకల తొడ కండరంలో ఊపిరితిత్తి, అండాశయం, మూత్రపిండం ముక్కలు అతికించి, ఒక రకం చర్మ క్యాన్సర్ కణాల్ని రక్తంలోకి ఎక్కించారు. మొదటి రెండు ముక్కల్లో గడ్డలు మొలిచాయి, మూత్రపిండం ముక్కలో లేవు. అలాగని యూయింగ్ చెప్పింది కొట్టిపారేసేదేం కాదు. చేరడం దారిని బట్టి, మొలవడం నేలని బట్టి.

మరి విత్తనం? ఊపిరితిత్తిలో మచ్చ కనపడితే ముక్క తీసి పరీక్షకి పంపేది విత్తనం ఏ జాతిదో తెలియడానికే. న్యూయార్కులో శామ్యూల్ సైడ్లిన్ దగ్గరికొచ్చిన ఒకాయనకి థైరాయిడ్ గ్రంథిని 1923లోనే తీసేశారు. అయినా థైరాయిడ్ ఎక్కువైన లక్షణాలే! ఊపిరితిత్తుల్లో, ఎముకల్లో చేరిన కణాలు పాత ఉద్యోగం మానలేదన్నమాట. థైరాయిడ్ కణాలకి అయోడిన్ కావాలి కాబట్టి 1943లో రేడియోధార్మిక అయోడిన్ ఇచ్చారు. గడ్డలు దాన్ని లాక్కున్నాయి, లక్షణాలు తగ్గాయి. 1946లో ఆ కేసు వైద్య పత్రికలో అచ్చయింది. థైరాయిడ్ క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకినప్పుడు, ఆ గడ్డలు అయోడిన్‌ని తీసుకునే రకమైతే ఇప్పటికీ ఇచ్చేది అదే.