వాంతుల మాత్రలు: ఏది దేనికి?

వాంతుల మాత్ర అంటే ఏదైనా ఒకటేనని మన ఇళ్ళలో అనుకుంటారు. నిజానికి ఒక్కో మందు ఒక్కో రకంగా పనిచేస్తుంది, ప్రమాదాలూ వేరు.

ఇప్పుడు డాక్టర్లు ఎక్కువగా రాసేది ఆన్‌డాన్‌సెట్రాన్. పేగుల్లోనూ మెదడులోనూ సెరొటోనిన్ అనే రసాయనం పంపే సంకేతాన్ని ఇది అడ్డుకుంటుంది. కీమోథెరపీ, ఆపరేషన్ల తర్వాత వచ్చే వాంతులకు మంచి మందు. తలనొప్పి, మలబద్ధకం రావచ్చు. బస్సులో కడుపు తిప్పడానికి మాత్రం దీనివల్ల పెద్ద ఉపయోగం లేదు. దానికి ప్రొమెథజీన్ (అవోమిన్) ఉంది. బస్సు ఎక్కాక కాదు, ముందే వేసుకోవాలి. మత్తుగా ఉంటుంది గనుక బండి నడిపేవారు వేసుకోరాదు. రెండేళ్ళ లోపు పిల్లలకు ప్రొమెథజీన్ ఇవ్వనే కూడదు.

డోంపెరిడోన్‌తోనే అసలు చిక్కు. గ్యాస్ మాత్రలో కలిసి వస్తుంది కనుక, అందులో అది ఉందని తెలియకుండానే పెద్దవాళ్ళు నెలల తరబడి మింగుతుంటారు. ఇది గుండె లయ తప్పించగలదు. అందుకే యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2014లో పెద్దలకు రోజుకు 30 మిల్లీగ్రాములు దాటవద్దని, మామూలుగా వారానికి మించి వాడవద్దని చెప్పింది. మీ ఇంట్లో గ్యాస్ మాత్రల అట్ట మీద పేర్లు ఒకసారి చదవండి. గుండె జబ్బు ఉన్నా, అరవై దాటినా డాక్టరును అడగండి.

మెటోక్లోప్రమైడ్ వల్ల పిల్లలకు, యువకులకు మెడ, దవడ బిగుసుకుపోవచ్చు. పార్కిన్సన్ రోగులకు అది పనికిరాదు. గర్భిణుల వేవిళ్ళకు డాక్సిలమైన్, బి6 కలిపిన మాత్ర వాడతారు, అదీ డాక్టరు రాస్తేనే.

బయటి రాష్ట్రాల్లో ఉన్న మనకు ఇంకో ఇబ్బంది. "వికారంగా ఉంది" అంటే తమిళ, కన్నడ డాక్టరుకు అందవిహీనం అన్న అర్థం తోస్తుంది, మరాఠీలో "వికార్" అంటే జబ్బు. తమిళంలో కుమట్టల్, కన్నడంలో వాకరికె, మరాఠీలో మళమళ అనాలి. వాంతి అన్న మాట తమిళం, కన్నడం రెండింట్లోనూ చెల్లుతుంది, ఒడియాలో బాంతి. యానాం వారికి ఈ బాధ లేదు! పెద్దవాళ్ళు ఒంటరిగా ఆసుపత్రికి వెళ్తే, ఈ మాట, వాడే మందుల పేర్లు ఒక చీటీ మీద రాసివ్వండి.

మాత్ర కన్నా ముందు నీరు ముఖ్యం. పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు నీటిలో కలిపి, గుక్కెడు గుక్కెడుగా తాగించాలి. వాంతిలో నెత్తురు, విపరీతమైన తలనొప్పి, ఆగని కడుపునొప్పి, మూత్రం రాకపోవడం కనిపిస్తే మాత్రతో కాలం గడపకండి. షుగర్ ఉన్నవారికి చెమటలు పట్టి వాంతి అయితే ఛాతీ నొప్పి లేకపోయినా గుండెపోటు కావచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.