నీరు బాగుంటేనే తోటకు అందం
హుస్సేన్‌సాగర్ తీర ఉద్యానాల చరిత్ర

నాగర్‌కర్నూల్: పట్టణంలోని కేసరి సముద్రం చెరువును మిషన్ కాకతీయ పథకం కింద మినీ ట్యాంక్‌బండ్‌గా తీర్చిదిద్దారు. ఈ పేరుకు మూలం హైదరాబాద్ ట్యాంక్‌బండ్. జిల్లా నుంచి రాజధానికి విహారయాత్రకు వెళ్లే విద్యార్థులు తప్పక చూసే హుస్సేన్‌సాగర్ తీర ఉద్యానాల చరిత్రలో చెరువుగట్టున తోటలు పెంచుకునే ప్రతి పట్టణమూ తెలుసుకోదగిన పాఠం ఉంది.

తాగునీటి చెరువు

కుతుబ్‌షాహీ పాలకుడు ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1562 ప్రాంతంలో హుస్సేన్‌సాగర్ నిర్మాణం జరిగింది. నిర్మాణాన్ని పర్యవేక్షించిన హుస్సేన్ షా వలీ పేరే చెరువుకు స్థిరపడింది. మూసీ వరదల అనంతరం 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ నిర్మితమయ్యాయి. 1930 ప్రాంతం వరకు హుస్సేన్‌సాగర్ నీరు నగరవాసుల దాహం తీర్చింది.

పరిశ్రమల రాక

నిజాం పాలనలో 1920లో ఈ చెరువు ఒడ్డున థర్మల్ విద్యుత్ కేంద్రం వెలిసింది. స్వాతంత్ర్యానంతరం ఎగువన సనత్‌నగర్, బాలానగర్, జీడిమెట్ల ప్రాంతాలు పారిశ్రామికవాడలుగా విస్తరించాయి. వేలాది కుటుంబాలకు అవి ఉపాధి చూపాయి. అయితే అక్కడి వ్యర్థజలాలు కూకట్‌పల్లి నాలా ద్వారా చెరువులోకి చేరాయి. పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు కూడా ఇందులోనే కలుస్తాయి. జనావాసాలు పెరిగేకొద్దీ మురుగు అధికమై, ఒకనాటి తాగునీటి చెరువు దుర్గంధభరితమైంది.

ఉద్యానాల శోభ

మాజీ ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య స్మారకంగా చెరువు ఉత్తర తీరాన సంజీవయ్య పార్కు ఏర్పడింది. 2016 జూన్ 2న ఇక్కడ 291 అడుగుల ఎత్తైన స్తంభంపై జాతీయ పతాకాన్ని ఆవిష్కరించారు.

చెరువు మధ్యనున్న బుద్ధ విగ్రహానికి విషాద గాథ ఉంది. ఏకశిలపై మలచిన 58 అడుగుల ఈ విగ్రహాన్ని 1990 మార్చిలో తరలిస్తుండగా పడవ ఒరిగి నీట మునిగింది. ఆ ప్రమాదంలో పలువురు ప్రాణాలు కోల్పోయారు. చివరకు 1992 డిసెంబరు 1న విగ్రహాన్ని జిబ్రాల్టర్ శిలపై ప్రతిష్ఠించారు.

సచివాలయానికి సమీపంలో 1994లో ఏడున్నర ఎకరాల్లో లుంబినీ పార్కు రూపుదిద్దుకుంది. బుద్ధుని జన్మస్థలం పేరు పెట్టిన ఈ పార్కు నుంచే సందర్శకులు విగ్రహం వద్దకు పడవల్లో వెళ్తారు. 2006లో దీనికి మాజీ ముఖ్యమంత్రి టి.అంజయ్య పేరు జోడించారు. విద్యుత్ కేంద్రాన్ని 1995లో తొలగించగా, ఆ పరిసరాల్లో అనంతరం ఎన్టీఆర్ గార్డెన్స్ వెలిసింది.

చెరగని గాయం

2007 ఆగస్టు 25 సాయంత్రం లుంబినీ పార్కులో లేజర్ ప్రదర్శన జరుగుతుండగా బాంబు పేలింది. అదే సమయంలో కోఠిలోని గోకుల్ చాట్ వద్ద మరో పేలుడు సంభవించింది. రెండు చోట్లా కలిపి 40 మందికి పైగా మృత్యువాత పడ్డారు. మృతుల్లో మహారాష్ట్ర నుంచి విహారయాత్రకు వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులూ ఉన్నారు. ఈ కేసులో 2018 సెప్టెంబరులో ప్రత్యేక న్యాయస్థానం ఇద్దరికి మరణశిక్ష విధించింది. ఆ ఘటన తర్వాత కూడా పార్కు మళ్లీ సందర్శకులతో కళకళలాడింది.

ప్రక్షాళన యత్నాలు

గట్టుపై ఎన్ని పూలు పూసినా నీటి దుర్వాసన సందర్శకులను ఇబ్బంది పెడుతూనే వచ్చింది. దీంతో 2006లో జపాన్ రుణ సాయంతో చెరువు, పరీవాహక ప్రాంత ప్రక్షాళన ప్రాజెక్టు చేపట్టారు. నాలాల మురుగును చెరువులో కలవకుండా మళ్లించడం, శుద్ధి చేయడం, పూడిక తొలగించడం ఇందులో ప్రధానాంశాలు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ గణేశ్ విగ్రహాల నిమజ్జనాన్ని 2021లో హైకోర్టు నిషేధించగా, ఆ ఒక్క ఏడాదికి సుప్రీంకోర్టు మినహాయింపు ఇచ్చింది.

గట్టును సుందరీకరించడం ఒకటి రెండేళ్ల పని. చెడిన నీటిని బాగుచేయడం దశాబ్దాల శ్రమ. హుస్సేన్‌సాగర్ నేర్పే పాఠమిదే. మురుగునీరు కలవకుండా ఇప్పటినుంచే జాగ్రత్త పడితే, కేసరి సముద్రం వంటి పట్టణ చెరువులకు ఆ దుస్థితి తప్పుతుంది.