డీబగ్గర్ ద్వారా ప్రాసెస్‌లను, థ్రెడ్లను ఆపడం, తిరిగి నడపడం: చరిత్ర

నడుస్తున్న ప్రోగ్రామును మధ్యలో ఆపి, దాని మెమరీని, రిజిస్టర్లను చూసి, మళ్లీ నడపడం డీబగ్గర్‌కు మూలమైన పని. ఇందులో ఆపడం తేలిక. ఆపిన జాడ మిగలకుండా తిరిగి నడపడమే కష్టం, ఈ రంగంలో వచ్చిన పెద్ద మార్పుల్లో చాలావాటికి కారణం కూడా అదే. తొలితరం కంప్యూటర్లలో ఒకసారికి ఒకే ప్రోగ్రాము నడిచేది కాబట్టి యంత్రాన్ని ఆపితే సరిపోయేది. 1961 ప్రాంతంలో ఎంఐటీలో పీడీపీ-1 కోసం అలన్ కోటక్ రాసిన డీడీటీ అనే డీబగ్గర్, టైప్‌రైటర్ ముందు కూర్చుని ప్రోగ్రాముతో నేరుగా తలపడే వీలు కల్పించింది.

ఒకే యంత్రాన్ని పలువురు పంచుకోవడం మొదలయ్యాక, యంత్రాన్ని కదపకుండా ఒక్క ప్రాసెస్‌నే ఆపాల్సి వచ్చింది. బెల్ ల్యాబ్స్‌లో 1975 నాటి ఆరో ఎడిషన్ యూనిక్స్ ఇందుకు పీట్రేస్ అనే సిస్టమ్ కాల్‌ను ఇచ్చింది. తనను గమనించమని పిల్ల ప్రాసెస్ ముందే ఒప్పుకుంటుంది. దానికి సిగ్నల్ రాగానే కెర్నల్ దాన్ని ఆపి తల్లి ప్రాసెస్‌కు కబురు చేస్తుంది. తల్లి ఒక్కో కాల్‌కు ఒక్కో పదం చొప్పున మెమరీ చదువుకుని, పిల్లను సాగనిస్తుంది. 1979లో ఏడో ఎడిషన్‌తో వచ్చిన ఏడీబీ అనే డీబగ్గర్ దీని మీదే నడిచింది. అప్పటికే నడుస్తున్న పరాయి ప్రాసెస్‌ను పట్టుకునే దారి మాత్రం అందులో లేదు. ఆ లోటును 1984లో టామ్ కిలియన్ తీర్చాడు. ఎనిమిదో ఎడిషన్‌లో ప్రతి ప్రాసెస్‌నూ ఒక ఫైలుగా చూపాడు. అనుమతి ఉన్నవారెవరైనా ఆ ఫైలు తెరిచి ప్రాసెస్‌ను ఆపవచ్చు, నడపవచ్చు. రోజర్ ఫాక్నర్, రాన్ గోమ్స్ 1991లో వివరించిన సిస్టమ్ ఫైవ్ రూపం ఈ ఆలోచనకు వచ్చిన అతి పొందికైన రూపం. లైనక్స్ మాత్రం డీబగ్గింగ్‌కు పీట్రేస్‌నే నమ్ముకుంది. 1993 నాటి విండోస్ ఎన్‌టీ మరో దారి పట్టింది: డీబగ్గర్‌కు ఏ కబురు వెళ్లినా, అది సరేననే దాకా ప్రాసెస్‌లోని థ్రెడ్లన్నీ ఆగుతాయి. అక్కడ డీబగ్గర్ ప్రోగ్రామును చంపకుండా వదిలి వెళ్లే సౌకర్యం 2001లో విండోస్ ఎక్స్‌పీతో గానీ రాలేదు.

థ్రెడ్లతో చిక్కు ముదిరింది. ఇంటెల్ ఎక్స్86లో బ్రేక్‌పాయింట్ అంటే అసలు ఆదేశపు మొదటి బైటు స్థానంలో 204 అనే విలువ రాయడమే. ప్రాసెసర్ దాన్ని తాకి ఆగాక, డీబగ్గర్ ప్రోగ్రామ్ కౌంటర్‌ను ఒక బైటు వెనక్కి జరిపి, పాత బైటును తిరిగి పెట్టి, ఒక్క ఆదేశం నడిపించి, మళ్లీ 204 రాసి ముందుకు వదలాలి. పాత బైటు ఉన్న ఆ క్షణంలో మరో థ్రెడ్ అటుగా వస్తే ఆగకుండా దాటిపోతుంది. అందుకే అన్ని థ్రెడ్లనూ ఒకేసారి ఆపడం ఆనవాయితీ అయింది. అలా ఆపితే థ్రెడ్ల మధ్య సమయాలు మారిపోయి, వెతుకుతున్న తప్పే కనుమరుగవుతుందన్నది దీనిపై ఉన్న గట్టి అభ్యంతరం. అది నిజమే. జీడీబీ అనే డీబగ్గర్ 2009లో 7.0తో తెచ్చిన నాన్-స్టాప్ పద్ధతి దానికి జవాబు: ఒక్క థ్రెడ్ ఆగుతుంది, తక్కినవి నడుస్తాయి, అసలు ఆదేశాన్ని వేరే చోటికి నకలు చేసి అక్కడ నడిపిస్తారు కాబట్టి 204ను తీయాల్సిన పనే ఉండదు. అయితే మెమరీ అందరిదీ. చూస్తున్న విలువను పక్క థ్రెడ్ మార్చేస్తూ ఉంటే పరిశీలనకు నిలకడ ఎక్కడిది? కాబట్టి ఒక పద్ధతి రెండోదాన్ని పూర్తిగా తోసిరాజనలేదు.

తగులుకునే తీరులోనూ చిక్కు ఉండేది. లైనక్స్‌లోని పీట్రేస్‌తో, అప్పటికే నడుస్తున్న ప్రాసెస్‌కు తగులుకోవడమే దానికి ఆగమనే సిగ్నల్ పంపేది. అదే సమయంలో వేరేవారు అలాంటి సిగ్నలే పంపితే అది పోయే ప్రమాదం ఉండేది. కొన్ని సిస్టమ్ కాల్స్ మధ్యలోనే తెగి తిరిగొచ్చేవి. 2012లో లైనక్స్ 3.4 ఆపకుండానే తగులుకోవడాన్ని, ఆపడాన్ని రెండు వేర్వేరు పనులుగా విడదీసింది. జీడీబీ నేటికీ థ్రెడ్లన్నిటినీ ఆపే పద్ధతిలోనే మొదలవుతుంది. నాన్-స్టాప్ కావాలంటే ప్రోగ్రామును నడపకముందే కోరుకోవాలి.