ఆకాశం నుంచి చూస్తే వాడ కనబడుతుందా?



రాత్రిపూట ఉపగ్రహం తీసిన భారతదేశం ఫొటో ఎప్పుడో ఒకప్పుడు మీ ఫోన్లోకి వచ్చే ఉంటుంది. నల్లటి నేల, దాని మీద పసుప్పచ్చని చుక్కలు. కోస్తా దగ్గర పెద్దది చేసి చూడండి. విజయవాడ నుంచి ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా రాజమండ్రి వైపు హైవే, రైలు పట్టాల వెంట వెలుగు. కిందికొస్తే కైకలూరు, ఆకివీడు, భీమవరం. మధ్యలో నల్లగా కొల్లేరు. ఆ ఫొటో కింద "మన డెల్టా అభివృద్ధి చూశారా" అని ఎవరో ఒకరు రాస్తారు. మన పిల్లలే దాన్ని షేర్ చేస్తారు.

ఈ భాగం ఆ ఒక్క మాట గురించే. ఆ వెలుగు ఎవరిది? దాన్ని ఎవరు లెక్కపెడుతున్నారు? ఆ లెక్కలో మన పేట ఎక్కడుంది?

ముందు ఆ బొమ్మ పుట్టుక చెప్పుకుందాం. అమెరికా సైన్యం వాతావరణం కోసం, మేఘాలు చూడటానికి, డీఎంఎస్‌పీ అనే ఉపగ్రహాలు పంపింది. మేఘాల కోసం పెట్టిన కన్నుకు ఊళ్ల దీపాలు కూడా పడ్డాయి. 1992 నుంచి 2013 దాకా ఆ చిత్రాలు కంప్యూటర్ లెక్కలుగా దొరుకుతాయి. 2011 అక్టోబర్‌లో సువోమి ఎన్‌పీపీ అనే కొత్త ఉపగ్రహం ఎగిరింది. దాని మీదున్న వీర్స్ అనే పరికరం చూపు ఇంకా నిశితం. 2012లో హెండర్సన్, స్టోరీగార్డ్, వైల్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఒక వ్యాసం రాశారు. ఆదాయం లెక్కలు నమ్మదగ్గట్టు లేని దేశాల్లో రాత్రి వెలుగు పెరుగుదలను బట్టి ఆర్థిక వృద్ధిని అంచనా వేయవచ్చన్నారు. మన దేశంలోనే 6 లక్షల ఊళ్ల మీద 20 ఏళ్ల రాత్రుల వెలుగును ప్రపంచ బ్యాంకు, మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు లెక్కకట్టి అందరికీ కనబడేలా పెట్టారు.

ఇది పనికిమాలిన లెక్క అని నేననను. వెలుగు డబ్బు వెంట నడుస్తుంది. మన ప్రాంతంలో అది స్పష్టంగా కనబడుతుంది. 1852లో దవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలవ వెంట వరి వచ్చింది, వరి వెంట మిల్లులొచ్చాయి, మిల్లుల చుట్టూ పట్నాలు పెరిగాయి. ఏలూరుకు జూట్ మిల్లు, తివాచీలు. తాడేపల్లిగూడెానికి రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే, ఉల్లిపాయల మార్కెట్, 2015లో నిట్. ఈ రోజు ఆకాశం నుంచి కనబడే వెలుగు గీత నూటడెబ్బై ఏళ్ల నీటి చరిత్ర. ఆ నీళ్లు పారిన భూమి ఎవరి పేరు మీదుందో గీత చెప్పదు.

ఎందుకు చెప్పదు? మొదటి కారణం గడి. పాత ఉపగ్రహం కంటికి ఒక గడి సుమారు 2.7 కిలోమీటర్లు. అంటే దాదాపు 1,800 ఎకరాలు ఒకే చుక్క. కొత్తదానికి 750 మీటర్లు, 140 ఎకరాల దాకా. మన పేట ఎంతుంటుంది? మూడెకరాలో, నాలుగెకరాలో. ఊరు, గుడి, సెంటరు, రైసు మిల్లు, పక్కన పేట అన్నీ ఒకే గడిలో కలిసిపోతాయి. మిల్లు వెలుగులో సగటు వాటా మన పేటకూ రాసేస్తారు.

రెండో కారణం వేళ. కొత్త ఉపగ్రహం మన మీదుగా వెళ్లేది అర్ధరాత్రి దాటాక ఒకటిన్నర ప్రాంతంలో. ఆ వేళకి కూలికెళ్లొచ్చిన ఇల్లు దీపం ఆర్పి పడుకుంటుంది. సాయంత్రం ఏడింటికి బల్బు కింద కూర్చుని ఇంటర్ చదువుకున్న ఆడపిల్ల వెలుగు ఈ ఉపగ్రహం లెక్కలో చేరదు. అప్పటికి మిగిలేవి వీధి దీపాలు, హైవే, పెట్రోలు బంకులు, చేపల చెరువులు. అంటే మనుషుల వెలుగు కన్నా ఆస్తుల వెలుగే ఎక్కువ.

మూడోది కూడా గుర్తుపెట్టుకోండి. ఈ కొత్త పరికరానికి నీలి కాంతి కనబడదు. పాత సోడియం దీపం తీసి తెల్లటి ఎల్‌ఈడీ పెడితే వీధిలో వెలుగు పెరిగినా బొమ్మలో తగ్గినట్టు కనబడొచ్చు. 2013 ముందు చిత్రాన్నీ తర్వాతి చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి "ఇంత పెరిగాం" అనడం కూడా తప్పే. రెండూ వేర్వేరు కళ్లు, వేర్వేరు కొలతలు.

అయితే ఉపగ్రహాన్ని తిట్టి ఊరుకుంటే చరిత్ర పూర్తికాదు. వాడను ఊళ్లో కలిపి లెక్కపెట్టే పని ఉపగ్రహం కన్నా ముందే మన ప్రభుత్వం చేసింది.

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్. విద్యుత్ విధానం కూడా ఆయన చేతిలో ఉండేది. 1943 అక్టోబర్‌లో విద్యుత్ విధాన కమిటీ ముందు ఆయన చెప్పిన మాటల సారం ఇది: కరెంటు పుష్కలంగా, చౌకగా అందాలి, అది లేకుండా పరిశ్రమలు రావు, పరిశ్రమలు రాకుండా ఈ దేశపు పేదరికం తీరదు. ఆయన దృష్టిలో కరెంటు మనిషిని నేల బానిసత్వం నుంచి విడిపించే సాధనం.

తర్వాత ఏం జరిగింది? 1948లో విద్యుత్ సరఫరా చట్టం, 1959లో మన రాష్ట్ర విద్యుత్ బోర్డు. ఊరూరా స్తంభాలు. 1997 దాకా "విద్యుదీకరణ జరిగిన గ్రామం" అంటే ఏమిటో తెలుసా? ఆ రెవెన్యూ గ్రామం హద్దులో ఎక్కడైనా, ఏ అవసరానికైనా కరెంటు వాడుతుంటే చాలు. ఒక ఆసామి పొలంలో ఒక్క మోటారు తిరిగితే ఊరంతా వెలిగినట్టు కాగితం మీద రాసుకున్నారు. 1997లో ఆ వాడకం జనం ఉండే చోట ఉండాలన్నారు. 2004లో వచ్చిన కొత్త నిర్వచనంలో మొదటిసారి ఇంకో మాట చేరింది: దళిత బస్తీ ఉన్న ఊళ్లో ఆ బస్తీకి కూడా ట్రాన్స్‌ఫార్మర్, లైన్లు వేయాలి. దాంతోపాటు బడి, పంచాయతీ ఆఫీసు వంటి చోట్ల కరెంటు ఉండాలి, ఇళ్లలో కనీసం 10 శాతానికి ఉండాలి.

విద్యార్థులు ఈ వాక్యాన్ని చరిత్ర ఆధారంగా చదవాలి. స్వాతంత్ర్యం వచ్చిన 57 ఏళ్లకు ప్రభుత్వం "దళిత బస్తీ" అని విడిగా రాయాల్సి వచ్చిందంటే, అప్పటిదాకా ఊరు వెలిగినా వాడ వెలగలేదని తనే ఒప్పుకున్నట్టు. ఆ తర్వాతా నూటికి పది ఇళ్లు చాలన్నారు. 2018 ఏప్రిల్‌లో దేశంలో ప్రతి ఊరికీ కరెంటొచ్చిందని ప్రకటించినప్పుడు కొలబద్ద ఇదే.

ఇక కొల్లేరు. 1970ల్లో వడ్డీలకు, దళితులకు సహకార సొసైటీలు పెట్టించి చేపల చెరువులు ఇచ్చారు. కాగితం మీద మన సొసైటీ. పెట్టుబడి లేని చోట లీజు వస్తుంది. చెరువులు పెట్టుబడిదారుల చేతుల్లోకి వెళ్లాయి, సభ్యులు తమ చెరువు గట్టు మీదే కూలీలయ్యారు. 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు. 2006లో కొల్లేరు ఆపరేషన్ పేరుతో గట్లు కొట్టేశారు. సరస్సు బతకాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ లీజుదారు ఇంకో చోట చెరువు తవ్వుకోగలడు. సొసైటీ కాగితం తప్ప ఇంకేమీ లేనివాడు ఎక్కడికి పోతాడు?

చెరువులు సరస్సు చుట్టూ విస్తరించాయి. 2009లో వెనామీ రొయ్యకు అనుమతి వచ్చాక ఇంకా పెరిగాయి. రాత్రి పూట చెరువు నీళ్లలో ప్రాణవాయువు పడిపోతుంది. అందుకే రాత్రంతా ఏరేటర్లు తిరగాలి, దొంగలు రాకుండా గట్ల మీద లైట్లు వెలగాలి. ఉపగ్రహం వచ్చే వేళకి రొయ్య మేల్కొని ఉంటుంది, దాని కాపలా మనిషీ మేల్కొనే ఉంటాడు. ఆ మనిషి ఎక్కువగా మాలో, మాదిగో, యానాదో. బొమ్మలో కనబడే వెలుగు రొయ్యది. దాని కింద నిద్రలేని మనిషి కూలి ఎంతో బొమ్మలో లేదు.

ఇంకో సంగతి. కారంచేడు 1985, చుండూరు 1991. రెండూ కాలవ నీళ్లున్న, డబ్బున్న ఊళ్లే. 2017లో భీమవరం దగ్గర గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం పెట్టుకుందామన్నందుకు దళితులను సాంఘిక బహిష్కారం చేశారు. అది ఆకాశం నుంచి చూస్తే బాగా వెలిగే ప్రాంతం. పనికి పిలవకపోవడాన్ని, కొట్లో సరుకు అమ్మకపోవడాన్ని ఏ ఉపగ్రహమూ ఫొటో తీయలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, రేపు నిధులు పంచేవాళ్లు, వెనుకబాటు కొలిచేవాళ్లు ఈ బొమ్మలనే ఎక్కువగా చూస్తారు. చౌక, తొందర, ఇంటింటికీ తిరగక్కర్లేదు. అప్పుడు "డెల్టా వెలుగుతోంది, అక్కడ పేదరికం లేదు" అనే మాటకు శాస్త్రం ముద్ర పడుతుంది. వెలిగే డెల్టాలో భూమిలేని మనిషి రెండుసార్లు మాయమవుతాడు, ఒకసారి రెవెన్యూ గ్రామం లెక్కలో, ఇంకోసారి గడి సగటులో.

జాషువా 1941లో దళితుడి గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపాడు. అదీ రాత్రి తిరిగేదే. తేడా ఏమిటంటే గబ్బిలం గుడిసెలోకి వచ్చింది, మనిషి మాట విని వెళ్లింది. ఉపగ్రహం పైనుంచే వెళ్లిపోతుంది. గుడిసెలోకి వెళ్లే పని మనది.

ఈ సెలవుల్లో ఇది చేయండి. మీ పేటలో డెబ్బై దాటిన పెద్దమ్మనో తాతనో కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు అడగండి. ఊళ్లోకి కరెంటు ఎప్పుడొచ్చింది? పేటకి ఎప్పుడొచ్చింది? సంవత్సరం గుర్తులేకపోతే పెళ్లిని బట్టో, తుఫానును బట్టో, ఎన్నికలను బట్టో చెబుతారు. రాసుకోండి. వీధి స్తంభాలు లెక్కపెట్టండి, ఊళ్లో ఎన్ని, పేటలో ఎన్ని, వెలిగేవి ఎన్ని. మీటరు ఎవరి పేరు మీదుందో చూడండి. పాత కాగితాల కోసం డిస్కంకు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఆ రెండు సంవత్సరాల మధ్య దూరమే మీ ఊరి అసలు ఆర్థిక చరిత్ర. అది పదేళ్లా, ఇరవయ్యేళ్లా? కామెంట్లలో ఊరి పేరుతో రాయండి. వచ్చినవన్నీ కలిపి ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతానికి మన పటం మనమే గీద్దాం.

జై భీమ్.