ఉగ్గాని

ఉగ్గాని రాయలసీమలో, ముఖ్యంగా కర్నూలు, నంద్యాల, అనంతపురం, కడప జిల్లాలలో విరివిగా తినే కారపు అల్పాహారం. బొరుగులను నీటిలో తడిపి, పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయల తిరగవాతలో కలిపి, పైన పప్పుల పొడి చల్లి దీనిని తయారుచేస్తారు. పక్కన మిరపకాయ బజ్జీ ఉండడం ఆనవాయితీ గనుక హోటళ్ళలో "ఉగ్గాని బజ్జీ" అని జంటపేరుతోనే వ్యవహరిస్తారు. బనగానపల్లె, నంద్యాల, ఆదోని, గుంతకల్లు, తాడిపత్రి వంటి పట్టణాలలో ఉదయంపూట తోపుడుబండ్లపైనా, చిన్న హోటళ్ళలోనూ ఇది లభిస్తుంది.

తరిగిన కూరగాయలు సిద్ధంగా ఉంటే పొయ్యి వెలిగించిన పావుగంటలో ఉగ్గాని తయారవుతుంది. అందుచేత దీనిని సీమవాసుల తక్షణాహారం అని చెప్పవచ్చును. పొట్లాలలో అమ్మే కారపు నూడుల్స్ అంగళ్ళకు రాకమునుపే తక్కువ ఖర్చు, తక్కువ సమయం, తగినంత కారం అనే మూడు అవసరాలనూ ఇది తీర్చింది, ఇప్పటికీ తీరుస్తున్నది.

పేరు

కన్నడంలో తిరగవాతను "ఒగ్గరణె" అంటారు. బళ్ళారి, రాయచూరు ప్రాంతాలలో ఇదే వంటకానికి "మండక్కి ఒగ్గరణె" అని పేరు. ఉగ్గాని అనే మాట దీనికి ఎంత దగ్గరగా ఉన్నదో వేరుగా చెప్పనక్కరలేదు. సీమలో కొన్నిచోట్ల "బొరుగుల తిరగవాత" అనీ, "బొరుగుల చిత్రాన్నం" అనీ కూడా అంటారు. కోస్తా జిల్లాలలో బొరుగులను మరమరాలు అంటారు గనుక అక్కడివారికి "మరమరాల ఉప్మా" అంటే త్వరగా బోధపడుతుంది. అయితే రవ్వ ఉప్మాకు, దీనికి వండే పద్ధతిలో పోలిక లేదు. ఉప్మాలో రవ్వ పొయ్యిమీద ఉడుకుతుంది; ఉగ్గానిలో బొరుగులు ఉడకనవసరం లేదు, వేడెక్కితే చాలును.

బొరుగులు

ఉగ్గాని త్వరగా కావడానికి కారణం బొరుగులలోనే ఉన్నది. వంటలో కష్టమైన భాగమంతా బొరుగుల బట్టీలోనే పూర్తవుతుంది. అక్కడ వడ్లను నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టి, దంపిస్తారు. ఇలా వచ్చిన ఉప్పుడు బియ్యానికి ఉప్పునీరు పట్టించి, కొంత వేడిచేసి, తరువాత బాగా కాగిన ఇసుకలో వేసి కలుపుతారు. గింజలో మిగిలిన కొద్దిపాటి తేమ ఒక్కసారిగా ఆవిరై బయటికి తోసుకొని వస్తుంది. ముందే ఉడికిన పిండిపదార్థం మెత్తబడి ఆ ఒత్తిడికి ఉబ్బుతుంది. క్షణాలలో గింజ అనేక రెట్లు పెరిగి బొరుగు అవుతుంది. వెంటనే జల్లెడపట్టి ఇసుకను వేరుచేస్తారు. పచ్చి బియ్యాన్ని ఇలా వేయిస్తే మాడిపోతుందే తప్ప ఉబ్బదు. వేసవి ఎండకు తోడు బట్టీ వేడిలో నిలబడి చేసే ఈ పని ఎంత శ్రమతో కూడినదో బొరుగుల ధర చూసినవారికి తట్టదు.

ఇలా ఒకసారి ఉడికిన ధాన్యం గనుక ఇంట్లో నీరు తగలగానే మెత్తబడుతుంది. నూడుల్స్‌లోనూ జరిగేది ఇదే. వాటిని కర్మాగారంలో ఆవిరిపై ఉడికించి, నూనెలో వేయించి ఆరబెడతారు. కనుక వేడినీటిలో రెండు మూడు నిమిషాలకే తిరిగి మెత్తనవుతాయి.

బొరుగులను ఎంచుకొనుట

మార్కెట్టులో రెండు రకాలు కనిపిస్తాయి. మొదటిది లావుగా, కొంచెం గట్టిగా, ఉప్పు పట్టించిన సీమ బొరుగు. రెండవది సన్నగా, తేలికగా, నోట్లో వేయగానే కరిగే రకం. ఇది భేల్‌పూరీకి అనువైనది. ఉగ్గానికి మొదటి రకమే కావలెను. రెండవ రకాన్ని నీటిలో ముంచితే ముద్ద అవుతుంది. వేరే దారి లేనప్పుడు దానిపై నీళ్ళు చిలకరించి, వెంటనే తిరగవాతలో వేయవచ్చును.

డబ్బు చూసుకొని కొనేవారు గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. బొరుగులను కొందరు కొలతతో, కొందరు తూకంతో అమ్ముతారు. కొలతతో కొన్నప్పుడు బాగా ఉబ్బిన పెద్ద బొరుగులలో గాలి ఎక్కువ, ధాన్యం తక్కువ. అదే కొలతకు చిన్నగా, గట్టిగా ఉన్నవి ఎక్కువ బరువు తూగుతాయి. తూకంతో కొన్నప్పుడు ఈ భేదం ఉండదు. కాని తేమ పట్టినవి బరువు తూగుతాయి గనుక కరకరలాడుతున్నవో లేదో నోట్లో వేసుకొని చూడవలెను. మితిమీరి తెల్లగా ఉండడం మంచి గుణమేమీ కాదు. ఉప్పుడు బియ్యపు బొరుగుకు కొంచెం పసుపుచాయ సహజం.

మెత్తబడిన బొరుగులను పారవేయనక్కరలేదు. ఎండలో ఆరబోసినా, ఉత్త బాణలిలో సన్న సెగపై వేయించినా తిరిగి కరకరలాడతాయి. ముక్కవాసన వచ్చినవాటిని మాత్రం వాడరాదు.

కావలసిన పదార్థాలు

నలుగురికి 200 గ్రాముల బొరుగులు సరిపోతాయి. బరువు తక్కువగా కనిపించినా ఇవి సుమారు రెండు లీటర్ల గిన్నె నిండా వస్తాయి. ఉల్లిగడ్డలు రెండు, టమాటాలు రెండు, పచ్చిమిరపకాయలు ఐదారు, నూనె మూడు పెద్ద చెంచాలు, ఆవాలు, జీలకర్ర, శనగపప్పు, మినపప్పు, కరివేపాకు, పసుపు, కొత్తిమీర, ఒక నిమ్మకాయ తీసుకోవలెను. సీమలో వేరుశనగ నూనెనే వాడడం అలవాటు.

పొడికి 50 గ్రాముల పుట్నాల పప్పు (సీమలో దీనిని ఉత్త "పప్పులు" అనే అంటారు), మూడు నాలుగు ఎండుమిరపకాయలు, చిన్న ఎండుకొబ్బెర ముక్క, నాలుగు తెల్లగడ్డ రెబ్బలు కావలెను. కొబ్బెర లేకపోయినా లోటు లేదు, పైగా పొడి ఎక్కువ రోజులు నిలువ ఉంటుంది. పుట్నాలు మాత్రం మానరాదు. కర్నూలు, నంద్యాల ప్రాంతపు నల్లరేగడి భూములలో శనగ ముఖ్యమైన రబీ పంట. ఈ పొడి, బజ్జీకి వాడే శనగపిండి రెండూ ఆ పంట నుండి వచ్చినవే.

తయారుచేయు విధానం

మొదట పొడి సిద్ధం చేసుకోవలెను. పుట్నాలు ముందే వేగినవి గనుక ఎండుమిరపకాయలను మాత్రమే చుక్క నూనెలో వేయించి, అన్నిటినీ కలిపి బరకగా కొట్టాలి. తెల్లగడ్డ చివరలో వేయాలి. మరీ మెత్తగా కొడితే ఉగ్గానికి జిగురు పడుతుంది.

వెడల్పాటి గిన్నెలో నీళ్ళు నిండుగా పోసి బొరుగులు వేయాలి. బొరుగులు తేలుతాయి గనుక చేతితో అణచి ముంచాలి. లావు రకానికి అరనిమిషం నుండి ఒక నిమిషం చాలును. తరువాత నీటిని వంచరాదు. పైనున్న బొరుగులను రెండు అరచేతులతో తీసి, గట్టిగా పిండి, వేరే గిన్నెలో వేయాలి. ఇలా చేయడంలో ఒక ప్రయోజనం ఉన్నది. బట్టీ ఇసుక రేణువులేవైనా మిగిలి ఉంటే అవి అడుగుకు చేరతాయి. నీటిని వంచినప్పుడు ఆ ఇసుక మళ్ళీ బొరుగులలో కలుస్తుంది. నోట్లో ఇసుక తగిలిన ఉగ్గానిని ఎవరూ రెండవసారి అడగరు.

పిండిన బొరుగు మెత్తగా ఉండాలి, కాని గింజకు గింజ విడిగా కనబడాలి. నడుమ ఇంకా గట్టిగా తగిలితే కొన్ని నీళ్ళు చిలకరించి రెండు నిమిషాలు మూతపెడితే సరిపోతుంది. ఎక్కువ నానినదానికి మాత్రం మందు లేదు.

బాణలిలో నూనె కాచి ఆవాలు, పప్పులు, జీలకర్ర, కరివేపాకు వేయాలి. చీల్చిన మిరపకాయలు, ఉల్లిగడ్డ ముక్కలు వేసి, ఉల్లి మెత్తబడ్డాక టమాటాలు, పసుపు చేర్చాలి. టమాటా నీరు ఇగిరిన తరువాతే బొరుగులు వేయాలి, లేనిచో అవి ఆ నీటిని కూడా పీల్చుకొని ముద్ద కడతాయి. రెండు నిమిషాలు అడుగు నుండి పైకి కలిపి, పొయ్యి ఆర్పి, పప్పుల పొడి, నిమ్మరసం, కొత్తిమీర కలపాలి. పొడి పొయ్యిమీద ఉండగా వేస్తే మాడువాసన వస్తుంది.

ఉప్పు అన్నిటికంటె చివర వేయాలి. బొరుగులలో ముందే ఉప్పు ఉన్నది. నీటిలో కొంత పోతుంది, కొంత మిగులుతుంది. ఎంత మిగిలిందో రుచి చూస్తేగాని తెలియదు.

మామిడికాయల కాలంలో నిమ్మకాయకు బదులు పచ్చి మామిడి కోరు వేయవచ్చును. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బనగానపల్లె మామిడి (బేనిషాన్) పండుగా తినడానికి పేరుపడినది. కోరుకు తోటలో రాలిన పుల్లని నాటు కాయ ఏదైనా సరిపోతుంది, చవక కూడా.

కారం

బజ్జీకి పొడవాటి, లావు మిరపకాయలు వాడతారు. వీటి కారం తక్కువ. గింజలు తీసి, నడుమ వాము, ఉప్పు, చింతపండు గుజ్జు పెట్టడం ఒక పద్ధతి. ఉగ్గానిలోని అసలు కారం సన్న పచ్చిమిరపకాయలది, పొడిలోని ఎండుమిరపకాయలది. మిరపకాయలోని ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్ కొవ్వులో కరుగుతుంది, నీటిలో దాదాపు కరగదు. అందుచేత నోరు మండినప్పుడు నీళ్ళు తాగితే మంట పోదు. పెరుగో, మజ్జిగో తాగితే తగ్గుతుంది. పిల్లలకు చేసేటప్పుడు మిరపకాయలను తరగక, నిలువునా చీల్చి వేసి, తరువాత ఏరివేయడం సులభం.

ఖర్చు తగ్గించదలచినవారు మొదట తగ్గించవలసినది బజ్జీనే. దానికి కాగే నూనె, పిండి, ఇంధనం అన్నీ కలిపితే ఉగ్గానికంటె బజ్జీకే ఎక్కువవుతుంది. ఇంట్లో రోజువారీగా చేసుకొనేవారు బజ్జీకి బదులు గుప్పెడు వేయించిన వేరుశనగ గింజలు కలుపుకుంటే రుచికి, బలానికి కూడా మేలు.

పోషక విలువలు

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల బొరుగులలో సుమారు 325 కిలోకాలరీల శక్తి, 7.5 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. కొవ్వు నామమాత్రం. పుట్నాల పప్పులో మాంసకృత్తులు 22 గ్రాములకు పైబడి ఉంటాయి. పైన చెప్పిన కొలతలతో చేసిన ఉగ్గానిని నలుగురికి పంచితే, బజ్జీ లేకుండా, ఒక్కొక్కరికి సుమారు 300 కిలోకాలరీలు, 6 నుండి 7 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. ఆ మాంసకృత్తులలో ఐదింట రెండు వంతులు పొడినుండే వస్తాయి. వరిలో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం పప్పులో ఎక్కువ. కనుక ఈ రెండింటి కలయిక ఒకదాని లోటును మరొకటి పూరిస్తుంది. పొడి లేని ఉగ్గాని కడుపు నింపుతుందే కాని రెండు గంటలకే మళ్ళీ ఆకలి వేస్తుంది.

బొరుగులు త్వరగా జీర్ణమై రక్తంలో చక్కెరను వేగంగా పెంచుతాయి. మధుమేహం ఉన్నవారు బొరుగులు తగ్గించి, ఉల్లి, టమాటా, పప్పుల పొడి పెంచుకోవలెను.

నూడుల్స్‌తో పోలిక

తక్షణ నూడుల్స్‌ను జపానులో మొమొఫుకు ఆండో 1958లో మార్కెట్టులోకి తెచ్చాడు. భారతదేశంలో మ్యాగీ 1983లో ప్రవేశించింది. సీసం, రుచి పెంచే పదార్థాల విషయమై 2015 జూన్‌లో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ దాని అమ్మకాలను నిలిపివేయగా, ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసి తిరిగి పరీక్షలు చేయించింది; నవంబరులో అది మళ్ళీ అంగళ్ళకు వచ్చింది. తరువాతి కాలంలో కొరియా కారపు నూడుల్స్ యువతలో ప్రచారం పొందాయి. వాటిలో మూడు రకాలను ఘాటు మితిమీరినదని 2024 జూన్‌లో డెన్మార్కు ప్రభుత్వం వెనక్కు రప్పించి, మరుసటి నెలలో రెండింటిని తిరిగి అనుమతించింది.

70 గ్రాముల సాధారణ నూడుల్స్ పొట్లంలోనూ సుమారు 300 కిలోకాలరీలు, 6 గ్రాముల దరిదాపుల్లో మాంసకృత్తులు ఉంటాయి. అంటే అంకెలలో ఉగ్గానికి, దీనికి పెద్ద భేదం లేదు. నూడుల్స్ తినేవారిని వట్టి పిండి తింటున్నారని గేలిచేయడం సబబు కాదు. భేదమంతా ఉప్పు, నూనెలపై ఎవరి అదుపు ఉన్నదనే దానిలో ఉన్నది. పొట్లంలో ఆ రెండూ ముందే నిర్ణయమై వస్తాయి.

హాస్టలు గదులలో నూడుల్స్‌పై ఆధారపడే విద్యార్థులు కొనేముందు పొట్లం వెనుక చూడవలెను. సోడియం మిల్లీగ్రాములలో ఇస్తారు. దానిని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. 1000 మిల్లీగ్రాముల సోడియం అంటే 2.5 గ్రాముల ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజు మొత్తానికి సూచించిన మేర 5 గ్రాముల లోపు మాత్రమే. ధరను పొట్లంతో కాక 100 గ్రాములకు లెక్కకట్టి పోల్చాలి, ఎందుకంటే ధర మార్చకుండా బరువు తగ్గించడం కంపెనీలకు అలవాటే. మసాలా పొడి సగమే వేసి, మిగిలిన కారానికి ఇంటి నుండి తెచ్చుకొన్న పప్పుల పొడి వాడితే ఉప్పు తగ్గుతుంది, మాంసకృత్తులు పెరుగుతాయి. మిగిలిన సగం మసాలాను మరునాడు కోడిగుడ్డు పొరటుకు వాడుకోవచ్చును.

నిలువ

చేసిన ఉగ్గానిని వేడిగా ఉన్నప్పుడే తినవలెను. ఆరితే బిరుసెక్కుతుంది. ఉల్లి, టమాటా ఉన్నందున సీమ ఎండలకు మధ్యాహ్నానికే చెడుతుంది కనుక బడిపిల్లల డబ్బాలలో పెట్టడానికి అనువైనది కాదు. పప్పుల పొడి కొబ్బెర వేయకుండా చేసి, తడి తగలనీయక సీసాలో పెడితే రెండు మూడు వారాలు ఉంటుంది. ఇంట్లో పొడి, డబ్బాలో బొరుగులు సిద్ధంగా ఉంటే మిగిలేది తిరగవాత మాత్రమే.

ఇతర ప్రాంతాలలో

దావణగెరె, చిత్రదుర్గ ప్రాంతాలలో దీనిని పోలినది "సుస్లా". హుబ్బళ్ళి, ధార్వాడలలో చేసే "గిర్మిట్"లో బొరుగులను నానబెట్టరు. ఉల్లి, చింతపండు కలిపిన మసాలాను పొడి బొరుగులపై వేసి, అవి మెత్తబడకముందే తింటారు.